ఇరవైరెండు తలలు

ఇనుపదూలాలు తయారుచేసే ఆ షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో సగం మందికి చెవులు పోయాయి. చెవులమ్మ ఒక్కతే చెవుల మీద బతుకుతున్న మనిషి. గాలిసుత్తులు మోగుతున్నంతసేపూ రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, పైన తలగుడ్డ బిగించి కట్టుకుని, ఎవరు పిలిచినా పలక్కుండా తన దారిన తను తిరిగేది. కొత్తగా చేరినవాళ్ళు అది పొగరనుకునేవాళ్ళు. పాతవాళ్ళు పనుంటే ఎదురుగా వెళ్ళి నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే, సుత్తులకి గాలి అందించే గాలిమిషను ఆపేసేవాళ్ళు. షెడ్డంతా ఊపిరి బిగబట్టినట్టయిపోయేది. అందరూ తిండి డబ్బాలు తీసుకుని నీడకి పోతే, ఆవిడ దూది తీసి జేబులో పెట్టుకుని, అరచేతిలో ఇమిడే చిన్న సుత్తీ, సుద్దముక్కా పట్టుకుని దూలాల మధ్యకి దిగేది. అందరూ తినే గంటే ఆవిడ పనిగంట. చల్లారిన కూడు తింటున్నావెందుకని ఎవరైనా వేళాకోళమాడితే, మీరు కొట్టే రివెట్లు తిన్నగా ఉంటే నేనూ వేడిగానే తిందును కదా అనేది. దాంతో వాళ్ళ నోళ్ళు మూతపడేవి.

రివెట్టు అంటే మరమేకులాంటిది కాదు, ఇవాళ బిగించి రేపు విప్పుకోవడానికి. దాన్ని కొలిమిలో నారింజపండు రంగు వచ్చేదాకా కాల్చి, రెండు ప్లేట్లకి కలిపి వేసిన బెజ్జంలో దూరుస్తారు. వెనకనుంచి ఒక మనిషి ఇనుపదిమ్మెతో దాని తలని అదిమిపట్టి ఉంటే, ముందునుంచి ఇంకో మనిషి గాలిసుత్తితో కొట్టి, పొడుచుకొచ్చిన కాడని రెండో తలగా మలుస్తాడు. చల్లారుతున్నకొద్దీ అది కురచై, రెండు ప్లేట్లనీ కౌగిలించుకుని ఉండిపోతుంది. ఇక వాటికి విడాకులు లేవు. వద్దనుకుంటే తల నరకాల్సిందే.

చెవులమ్మ చేసేదల్లా, ఒక పక్క తల అంచున చూపుడువేలు ఆనించి, రెండో పక్క తలని సుత్తితో తట్టడం. బిగువుగా కూర్చున్న రివెట్టు గంటలా పలుకుతుంది, వేలికి ఏమీ తెలియదు. వదులుగా ఉన్నది దగ్గుతుంది, వేలికింద నాడిలా కొట్టుకుంటుంది. బాగున్నదాని మీద గీత. బాగాలేనిదాని చుట్టూ సున్నా. సున్నా చుట్టిందాన్ని నరికి మళ్ళీ కొట్టాలి. జాయింటు మొత్తం గీతలే అయ్యాక, పక్కన ప్లేటు మీద మూడు చుక్కలు అచ్చుపడే పంచ్ పెట్టి కొట్టేది. ఆ మూడు చుక్కలూ ఆవిడ తండ్రివి. బాయిలర్లు చేసిన మనిషాయన. పోతూపోతూ కొడుక్కి సమ్మెట, కూతురికి పంచ్ ఇచ్చి పోయాడు. ఆ గుర్తు పడితేగాని ఇంజనీరు కాగితం మీద సంతకం చెయ్యడు. అది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు గానీ, పదిహేనేళ్ళుగా అలాగే నడుస్తోంది.

ఇప్పుడు చేస్తున్న పని పట్టాల యార్డు మీద ఉన్న పాత నడక వంతెనది. ఊరిని రెండు ముక్కలు చేసి మధ్యలో పాతిక రైలుపట్టాలు పోతాయి. వంతెన మూసి ఎనిమిది నెలలైంది. ఆసుపత్రి ఆ పక్క, బడి ఈ పక్క. చుట్టూ తిరిగి వెళ్ళలేక జనం పట్టాలు దాటుతూ ప్రాణాలమీదికి తెచ్చుకుంటున్నారు. తుప్పు పట్టిన తొమ్మిది అడ్డదూలాలకి బదులు కొత్తవి చేసి ఇవ్వడం షెడ్డు పని. పాత వంతెన రివెట్లది కాబట్టి కొత్త దూలాలూ రివెట్లవే కావాలన్నారు. శుక్రవారం వంతెన తెరుస్తామని యజమాని ఊరందరికీ చెప్పేశాడు. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించబోతున్నాడు. ఆరు దూలాలు వెళ్ళిపోయాయి. మిగతా మూడూ గురువారం పొద్దున్నే లారీ ఎక్కాలి.

బుధవారం మధ్యాహ్నం చెవులమ్మ ఏడో దూలం దగ్గర కూర్చుంది. ఎడమకొస జాయింటు గబగబా అయిపోయింది. కుడికొసకి వచ్చి పై వరస తట్టింది. గీత, గీత, గీత. కింది వరసలకి దిగింది. అవీ బాగానే పలికాయి. సుద్దముక్క ఎత్తి, ఆగింది.

మరీ బాగా పలికాయి. నలుగురు పిల్లలు ఒకే తల్లి కడుపున పుట్టినా నాలుగు గొంతులుంటాయి. రివెట్లూ అంతే, ప్రతిదానికీ ఓ గొంతుంటుంది. ఇక్కడ మాత్రం అప్పజెప్పిన పాఠంలా అన్నీ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. ఆవిడ సుత్తి కింద పెట్టి, రివెట్టు తల చుట్టూ గోరు తిప్పింది. గోటికి సన్నటి గాడి తగిలింది. పక్కదానికీ ఉంది. ఆ పక్కదానికీ. వెనక పక్కకి వెళ్ళి తల మొదట్లో ఓ చుక్క నూనె రాసి, ముందునుంచి తట్టింది. నూనెచుక్క వణికి, తల కిందికి ఇంకిపోయింది. బిగువున్న చోట నూనెకి దారెక్కడిది?

ఆవిడ సుద్దముక్క జేబులో పెట్టేసింది. మోసమని తెలిసినందుకు కాదు, ఎవరి మోసమో తెలిసినందుకు.

బాయిలర్లలో నీరు కారకుండా, రివెట్టు తల అంచుని మొద్దు ఉలితో ప్లేటులోకి నొక్కడం ఒక విద్య. నీళ్ళ పనికి అది న్యాయమే. అదే పని వదులు రివెట్టుకి చేస్తే, అంచు మాత్రం ప్లేటుని కరుచుకుని, లోపల కాడ ఆడుతూనే ఉంటుంది. సుత్తికి గంటలా పలుకుతుంది, బరువుకి మాత్రం నిలవదు. ఆ మొద్దు ఉలి పట్టడం తెలిసినవాళ్ళు ఆ షెడ్డులో ఇద్దరే ఇద్దరు. ఇద్దరికీ నేర్పినవాడు ఒక్కడే. ఆ అబద్ధం చెప్పడం ఆ తండ్రి పిల్లలకి తప్ప ఇంకెవరికీ చేతకాదు.

లెక్కపెట్టింది. ఇరవైరెండు. గీతా గీయలేదు, సున్నా చుట్టలేదు. భోజనాల గంట అయిపోయింది, గాలిమిషను మొదలైంది. షెడ్డు ఆ చివర అన్న తొమ్మిదో దూలం మీద వంగి కొడుతున్నాడు. వీపు మాత్రమే కనిపించింది. ఆవిడ దూది పెట్టుకోవడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది.

అన్నా చెల్లెలూ ఒకే వాకిట్లో ఎదురెదురు గదుల్లో ఉంటారు. భర్త పోయాక ఆవిడ ఈ వాకిట్లోకి వచ్చేసింది. పొద్దు వాలుతుండగా అన్న గదికి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. వదిన ఆయన చొక్కా గుండీలు విప్పుతోంది. వదిన కూడా షెడ్డులోనే, కొలిమి దగ్గర రివెట్లు కాల్చే పని. రెండు చేతులా మసి, ఎండకి వాడని మొహం, ఎవరికీ జడవని నోరు. చెవులమ్మని చూడగానే చివరి గుండీ దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

ఇంత వయసొచ్చి చిన్నపిల్లాడిలా గుండీలు విప్పించుకుంటున్నావేంటని చెవులమ్మ నవ్వబోయింది. అన్న నవ్వలేదు. వదిన టీగ్లాసు ఇస్తే, ఆయన వేళ్ళతో పట్టుకోకుండా రెండు అరచేతుల మధ్య ఇరికించుకున్నాడు. అప్పుడు చూసింది ఆవిడ ఆ వేళ్ళని. మూడు వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

అన్న టీగ్లాసు కింద పెట్టేశాడు. చెప్పింది వదినే. చలికాలం నుంచి మొదలైందట. ముందు తిమ్మిరి అనుకున్నారు. ఇప్పుడు పొద్దున్న పూట సూదితో పొడిచినా తెలియడం లేదు. ముప్పై ఏళ్ళ గాలిసుత్తి అదురు వేళ్ళలో నెత్తురు తాగేసింది. తను నారింజరంగు రివెట్టు పంపిస్తే, ఈయన వేళ్ళు సుత్తి మీట వెతుక్కునేసరికి అది వంకాయరంగుకి వస్తోందట. చల్లారిన ఇనుము మాట వింటుందా, పైన తల అయితే వస్తుంది గానీ కాడ బెజ్జం నిండదు. ఏడో దూలం కుడికొస కొట్టిన రోజు చలి ఎక్కువగా ఉండి ఇరవైరెండు అలాగే పోయాయి.

"యజమానికి చెప్పి ఇంకో పని అడగాల్సింది," అంది చెవులమ్మ.

"ఇదివరకు ఇలాగే వేళ్ళు పోయినోడికి ఏం పనిచ్చాడో చూశావుగా," అన్నాడు అన్న. "చీపురిచ్చాడు. నెల తిరక్కుండా గేటు చూపించాడు. చెల్లీ, నే చెప్పేది విను. గీతలు గీసెయ్. అది పట్టుకోవడం నీకు తప్ప ఈ లోకంలో ఎవ్వరికీ రాదు."

"అదే కదా అన్నయ్యా వచ్చిన చిక్కు. వేరేవాళ్ళకీ వస్తే, నేను కాకపోతే వాళ్ళు పట్టుకుంటారులే అని పడుకుందును."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు వేల రివెట్లున్న వంతెనలో ఇరవైరెండు ఏ మూలకి అన్నాడు. తను కొట్టినవి ఇప్పటికి లక్ష ఉంటాయి, వాటిలో ఒక్కటైనా ఊడిందా అన్నాడు. తోడబుట్టినదానివై ఉండి నన్ను వీధిలో నిలబెడతావా అన్నాడు. ఆవిడ మొదటిదానికే జవాబిచ్చింది. నాలుగు వేలలో ఇరవైరెండు అనేది ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఆ ఇరవైరెండూ ఒక్కచోటే, ఒకే దూలం కొసన ఉన్నాయని చెప్పింది. అది విడితే దూలం వాలుతుంది, ఆ దూలం మీద నడిచేవాళ్ళకి మిగతా నాలుగు వేలూ గట్టివే అన్న ఓదార్పు ఎందుకు పనికొస్తుందంది.

"నీ పేరు నా నోట రాదు," అంది లేస్తూ. "సున్నాలు మాత్రం పడతాయి."

వదిన గుమ్మందాకా వచ్చింది. తిడుతుందేమోననుకుంది చెవులమ్మ. ఆమె చెంగున చెయ్యి తుడుచుకుంటూ, నువ్వు రాకపోయుంటే బాగుండేదని ఒకసారీ, వచ్చావు నయమని ఒకసారీ అనుకుంటున్నానని, రెండిట్లో ఏది నిజమో రేపు చెబుతానని లోపలికి పోయింది.

గురువారం పొద్దున్న చెవులమ్మ అందరికన్నా ముందు వచ్చింది. గాలిమిషను మొదలవకముందే ఇరవైరెండు సున్నాలు చుట్టేసింది. లారీ గేటు దగ్గర ఆగి ఉంది, క్రేను గొలుసులు విప్పుతున్నారు. ఎనిమిదీ తొమ్మిదీ దూలాలు తట్టి, గోరు తిప్పి చూస్తే బాగానే ఉన్నాయి, వాటి మీద మూడు చుక్కలు పడ్డాయి. ఏడోది సున్నాలతో నిండి, పొక్కులు లేచిన ఒంటిలా ఉంది.

యజమాని వచ్చాడు, చూశాడు, ఒంటికాలి మీద లేచాడు. ఆయన పిడికిట్లో ఎప్పుడూ తాళంచెవుల గుత్తి ఉంటుంది, కోపమొస్తే దాన్ని ఆడిస్తాడు. ఆ రోజు గుత్తి గిలకలా మోగింది. వెనకే కళ్ళజోడు ఇంజనీరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, వంతెన కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. పనివాళ్ళంతా సుత్తులు కిందపెట్టి మూగారు. అన్న గుంపు వెనకెక్కడో నిలబడ్డాడు.

యజమాని చెవులమ్మ చేతిలోంచి సుత్తి లాక్కుని ఒక్కొక్కటీ తట్టాడు. అన్నీ గంటల్లా పలికాయి. ఇంజనీరుని తట్టమన్నాడు. ఆయన తట్టినా అంతే. గుంపులో ఎవరో ఫక్కున నవ్వారు. చెవులమ్మకి చెవులు పాతబడ్డాయి, కొత్తవి తెప్పించాలని ఒకడు, దూది తియ్యడం మర్చిపోయిందేమోనని ఇంకొకడు.

"ఏమైందమ్మా వీటికి?" అని ఇంజనీరు మర్యాదగానే అడిగాడు.

ఏమైందో ఒక్క మాటలో చెప్పొచ్చు. అంచులు నొక్కి ఉన్నాయి అంటే చాలు. అది బాయిలరు పనివాళ్ళ విద్య అని అక్కడ ప్రతివాడికీ తెలుసు, బాయిలరు మనిషి కొడుకెవరో కూడా తెలుసు. ఆ మాట అనడమూ అన్నవైపు వేలు పెట్టి చూపడమూ ఒకటే.

"వదులుగా ఉన్నాయి," అంది.

"ఎలా చెబుతున్నావు?"

"నా వేలు చెబుతోంది."

యజమాని నవ్వాడు. ఈవిడ వేలికోసం రేపు ఊరంతా వంతెన కింద నిలబడాలన్నమాట అన్నాడు. సరే, చుక్కలే కదా కావాల్సింది, మూడు చుక్కలు పెట్టడానికి పెద్ద చదువులేం అక్కర్లేదని, బల్ల మీదున్న ఓ పంచ్ అందుకుని దూలం వైపు నడిచాడు. నీ తండ్రి సొత్తేమీ కాదు, చుక్కలు ఎవరు కొట్టినా చుక్కలే అన్నాడు.

అప్పటిదాకా చెవులమ్మకి భయంగానే ఉంది. పని పోతుందని, అన్న పోతాడని. ఆ మాటతో భయం ఎటు పోయిందో పోయింది. ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్ళి, గాలిమిషను మీట తిప్పి, గోడకి ఆనించి ఉన్న గాలిఉలి ఎత్తింది. అది ముగ్గురు పిల్లల బరువుంటుంది. భుజానికి ఆనించుకుని, కింది వరసలో మొదటి రివెట్టు తల మొదట్లో ఉలి మొన పెట్టి, మీట నొక్కింది.

షెడ్డు దద్దరిల్లింది. యజమాని ఏదో అరుస్తున్నాడు, ఆయన నోరు కదలడమే కనిపిస్తోంది. తల తెగి ఎగిరి, ఇంజనీరు బూటు దగ్గర పడింది. ఆవిడ ఉలి ఆపి, చూపుడువేలితో కాడని తోసింది. అంతే, వేలితోనే. కాడ జారి అవతలపక్క ఠక్కున నేల మీద పడింది.

ఆవిడ పై వరసలో తను గీత గీసిన మంచి రివెట్టొకటి ఎంచి దాని తలా తెగ్గొట్టింది. సమ్మెట తీసుకుని రమ్మని ఎదురుగా ఉన్న లావుపాటివాణ్ణి పిలిచింది, ఇందాక దూది మాటన్నవాడే. కాడ మీద కడ్డీ ఆనించి కొట్టమంది. వాడు ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. తొమ్మిదో దెబ్బకి ఆ కాడ వేలెడు కదిలింది.

"అది రివెట్టు," అంది చెవులమ్మ. "ఇవి దానికి వేసిన బొమ్మలు."

ఇంక ఎవరి అనుమతీ అడగలేదు. ఒకటి తరవాత ఒకటి నరుక్కుంటూ పోయింది. యజమాని మిషను ఆపమని మీట దగ్గరికి మనిషిని తోశాడు. మీట ముందు వదిన నిలబడి ఉంది, చేతిలో ఎర్రగా కాలిన పట్టకారుతో. ఆ మనిషి రెండడుగులు వేసి, తనకి వేరే పనేదో గుర్తొచ్చినట్టు అటు తిరిగిపోయాడు. ఇరవైరెండు తలలూ నేల మీద చేరాయి. ఇరవైరెండు బెజ్జాల్లోంచి వెలుతురు కనిపిస్తోంది.

ఇంజనీరు వంగి ఒక తల ఏరుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశాడు. అంచుచుట్టూ ఉలి గాడి పగటి వెలుగులో మెరిసింది.

"ఇది ఎవరు చేశారు?"

చెవులమ్మ ఉలి దించి, నేను తట్టేదాన్నేగాని కొట్టేదాన్ని కాదని, నాకు తెలియదని అనబోయింది. ఆవిడ జన్మలో చెప్పబోయిన మొదటి అబద్ధం అది, నాలుక మీదికి వచ్చింది కూడా. ఈలోపు గుంపు చీలింది. అన్న ముందుకొచ్చాడు.

"నేనే చేశాను," అన్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి, వేళ్ళు విడదీసి చూపించాడు. "ఇవి పోయాయి. ముప్పై ఏళ్ళు ఈ షెడ్డుకి పోశాను వీటిని. పోయాయని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. చీపురు పట్టుకునేకన్నా దొంగపని చెయ్యడం నయమనుకున్నాను. ఇంక అనుకోను. పట్టించింది నా చెల్లెలు. అయినా అది నా పేరు చెప్పలేదు."

యజమాని ఇద్దర్నీ గేటు బయటికి పొమ్మన్నాడు. పొమ్మనడం అయ్యాక ఇంజనీరు వైపు తిరిగాడు. ఆయన కాగితాల అట్ట మూసి చంకలో పెట్టుకున్నాడు. ఆ బెజ్జాలు పూడ్చి తనకి చూపిస్తేగాని ఏడో దూలం కదలదని, ఏడోది లేకుండా వంతెన లేదని, ఆ రిబ్బను కత్తిరించే పెద్దమనిషికి తను స్వయంగా చెబుతానని మెల్లిగా అన్నాడు. మెల్లిగా అన్నాడు కాబట్టే యజమానికి కాదనే సందు దొరకలేదు. ఆయన షెడ్డంతా కలయజూశాడు. రెండో సుత్తి కొట్టేవాడు పోయిన నెలే మానేశాడు. మిగిలినవాళ్ళు దిమ్మెలు పట్టేవాళ్ళు, మోసేవాళ్ళు.

"ఎవరు కొడతారు మరి? నీ వేలా?" అన్నాడు చెవులమ్మతో.

"నేనే. అన్నయ్యకి జ్వరమొచ్చి పడుకున్న పదిహేను రోజులూ ఎవరు కొట్టారనుకున్నారు? చూసీ చూడనట్టు మీరే అటు తిరిగి వెళ్ళేవారు."

ఆ మాటకి పాతవాళ్ళు నేల చూపులు చూశారు, అందరికీ తెలిసిందే కాబట్టి. యజమాని గుత్తి ఆడించాడు. సరే తగలబెట్టుకో అన్నాడు. కానీ వీళ్ళలో ఒక్కడు కూడా నీకు చెయ్యందించడు, అందిస్తే వాడూ నీతోపాటే గేటు బయట అన్నాడు. నరికినదానివి నువ్వే కూర్చుకో అన్నాడు.

"వీళ్ళెవరూ అక్కర్లేదు. నాకు నా మనుషులున్నారు," అంది. "కానీ ఇది అయ్యాక అన్నయ్య కొలిమి దగ్గర ఉంటాడు. వేళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదు. ఏ రివెట్టు ఏ రంగుకొస్తే తియ్యాలో ఆయనకి తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. దానికి ఒప్పుకుంటేనే నేను సుత్తి ముడతాను. లేదంటే బెజ్జాలు మీవి, దూలం మీది, శుక్రవారమూ మీదే."

యజమాని మొహం కందగడ్డలా చేసుకుని, ఒప్పుకున్నాననకుండా, లేదనకుండా, బల్ల అంచున కూర్చుండిపోయాడు. లారీవాడు ఇంజను ఆపేశాడు. అది చాలనుకుంది చెవులమ్మ.

వదిన అప్పటికే దిమ్మె దగ్గర ఉంది. దాని పొడుగు కాడ కింద భుజం పెట్టి ఎత్తి చూసుకుంటోంది. ఆడమనిషి మోసే బరువేనా అది అని లావుపాటివాడు గొణిగాడు.

"ఇరవైరెండేళ్ళుగా ఈయన్ని మోస్తున్నాను," అంది వదిన అన్న వైపు గడ్డం ఎగరేసి. "ఇదెంత? ఇది కనీసం నోరు మూసుకుని ఉంటుంది."

అన్న కొలిమి ముందు కూర్చున్నాడు. నిప్పుల సెగకి చేతులు చాపగానే ఆయన మొహంలో ఏదో వదులైంది. పట్టకారు రెండు చేతులా పట్టుకున్నాడు. మొదటి రివెట్టు తియ్యడానికి తడబడ్డాడు, రెండోదానికి కాస్త కుదిరింది. ఆయన తీసి ఇస్తే వదిన బెజ్జంలోకి దూర్చి, వెనకనుంచి అదుముతుంటే, చెవులమ్మ గాలిసుత్తి నడుముకి ఆనించుకుని కొట్టింది. మొదటి మూడూ కొట్టేసరికి భుజం ఊడి వస్తుందనిపించింది. వాలుతోంది, వాలుతోంది అని కొలిమి దగ్గర్నుంచి అన్న కేక. సుత్తి నిటారుగా పట్టమని, నాన్న బతికుంటే మోకాలి మీద కొట్టేవాడని, తొందరపడొద్దని, తొందరపడమని. చెవుల్లో దూది ఉన్నా ఆ తిట్లన్నీ వినబడుతూనే ఉన్నాయి. కొట్టేవాడు కొలిమి దగ్గర కూర్చుంటే నోరు ఎంత పెరుగుతుందో చూశావా అని వదిన ప్లేటు అవతలనుంచి అరిచింది. ఆడవాళ్ళిద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే దిమ్మె కదులుతుంది, అందుకని పళ్ళు బిగించుకున్నారు.

మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఇరవైరెండూ కూర్చున్నాయి. మంచిదని నరికిన ఇరవైమూడోది కూడా. ఈ పూట భోజనానికి ఎవరూ నీడకి పోలేదు. డబ్బాలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. రివెట్లు చల్లారేదాకా ఆగి, యజమాని లేచాడు. ఇంక నీ చుక్కలు కొట్టు, లారీ ఎక్కిద్దాం అన్నాడు.

"నేను కొట్టను," అంది చెవులమ్మ.

ఆయన చెవులని ఆయనే నమ్మలేదు. ఆవిడ నెమ్మదిగా, తలకెక్కేలా చెప్పింది. తను వండిన కూర తనే రుచి చూసి బాగుందనుకోవడం ఇంట్లో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఈ జాయింటు కొట్టింది తను, కాల్చింది అన్న, పట్టింది వదిన. దీని మంచిచెడ్డలు ముగ్గురిలో ఎవరూ చెప్పకూడదు. ఆ తరవాత ఆవిడ ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, సుత్తి ఆయన కుడిచేతిలో పెట్టి, ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని తీసుకెళ్ళి, రివెట్టు తల అంచున ఆనించింది. చెవి కాదు బాబూ, వేలితో వినండి అంది. సంతకం పెట్టే చెయ్యి ఒకసారి ఇది ముట్టుకోవడం మంచిదే అంది.

ఆయన సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, ఐదు, పది. షెడ్డంతా ఆయన వేలినే చూస్తోంది. పదహారోదాని దగ్గర ఆగాడు. మళ్ళీ తట్టాడు. ఇంకోసారి తట్టి, చెవులమ్మ వైపు తిరిగాడు.

"ఏమంటోంది?" అంది ఆవిడ.

"తెలియడం లేదు. ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. మీరోసారి చూస్తారా?"

"చూడను."

యజమాని తల పట్టుకున్నాడు. ఒక్కటే కదా, బాగానే ఉంటుంది, ఈవిడ కొట్టిందే కదా అని ఇప్పుడు ఆయనే ఆవిడ పనితనానికి హామీ ఇస్తున్నాడు.

"అనుమానమంటే వదులనే లెక్క," అంది చెవులమ్మ. వంగి, నొప్పిపెడుతున్న భుజం మీదికి గాలిఉలి మళ్ళీ ఎత్తుకుంది. వదిన ఓ పెద్ద నిట్టూర్పు విడిచి దిమ్మె కింద భుజం దూర్చింది. కొలిమి దగ్గర అన్న, ఎవరూ చెప్పకుండానే, ఇంకో రివెట్టు నిప్పుల్లోకి తోశాడు.